తినుట తపస్సగునా?

తినకుండుటలో పుణ్యమున్నదని జైన గృహములలో పిల్లలకు అక్షరములు రాకముందే తెలియును. చాతుర్మాస్యము వచ్చినదనగా ఇంటిలో ఒకరిది ఏకాసనము, ఒకరిది ఆయంబిలు, మరియొకరిది తేలా. పర్యూషణ ఎనిమిది దినములును నీళ్లమీద నిలిచి అఠాయి ముగించిన పిల్లకు బంధువులందరు చేరి పారణ చేయింతురు, మేళముతో ఊరేగింతురు, మరుసటి సంవత్సరపు సంచికలో ఫోటో వేయింతురు. ఇందులో తప్పేమియు లేదు. కోరికను నిలువరించుట నేర్వని వర్తకుడు దుకాణమునే నిలుపుకొనలేడు. ఇక ఆత్మ మాట చెప్పనేల?

అయితే ఆ ఊరేగింపులోనే తలవంచుకొని కూర్చున్న ఒక పిల్లను ఊహించవలెను. పందొమ్మిది ఇరువది ఏండ్ల పిల్ల. ఆమె అఠాయి చేసిన మాట నిజము. పారణ జరిగిన నాటి రాత్రి ఇంటిల్లిపాదియు నిద్రించిన పిమ్మట వంటింటిలోనికి పోయి, డబ్బాలోని మిఠాయిలు, మిగిలిన ఖాఖరాలు, చల్లారిన అన్నము, చేతికి దొరికినదెల్ల నిలుచున్నచోటనే తిన్న మాటయు నిజము. తరువాత స్నానాల గదిలో కుళాయి విప్పి, ఆ నీళ్ల చప్పుడు చాటున తిన్నదంతయు కక్కినది. అది మొదటిసారి కాదు. రాత్రి భోజనము చేసితినని ఒక దోషము, అన్నము పారబోసితినని ఒక దోషము, నలుగురును తపస్విని యని మ్రొక్కుచుండగా వారిని మోసగించితినని మరియొక దోషము. ఇన్నింటిని లెక్కించుకొని, వానికి పరిహారముగా మరునాడు మరల ఉపవాసము పట్టినది. ఇంటిలోనివారు మెచ్చుకొన్నారు.

ఈ పిల్ల ఫలానా ఊరిదని కాదు; ఇది కల్పించిన చిత్రము. అయినను ఇట్టి పిల్లలు ఉన్నారు, మగపిల్లలును ఉన్నారు. వీరికి కావలసినది మరింత తపస్సా, వైద్యమా? వైద్యుడు “ఉపవాసములు ఆపుము, దినమునకు ఐదారుసార్లు వేళ తప్పక తినుము” అని చెప్పినచో, ఆ మాట వినుట ధర్మమునకు లోపమగునా? తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు ఇది. ఉపవాసమును అంతగా గౌరవించు సంఘములో దీనికి సమాధానము చెప్పుకొనకపోయినచో, ఆ భారమంతయు ఆ ఒక్క పిల్ల మీద పడును.

మొదట రోగమేమో తెలియవలెను. దీనికి బులీమియా నెర్వోసా అని పేరు. బులీమియా గ్రీకు భాషలోని మాట. ఎద్దుకు వేసినంత ఆకలి యని అర్థము. దీనిని ప్రత్యేకమైన రోగముగా వర్ణించి పేరు పెట్టినవాడు లండను నగరములో రాయల్ ఫ్రీ ఆసుపత్రికి చెందిన మానసిక వైద్యుడు జెరాల్డ్ రసెల్. 1972 నుండి 1978 వరకు తాను చూచిన 30 మంది రోగుల విషయమును ఆయన 1979లో ప్రకటించెను. వారిలో 28 మంది స్త్రీలు, ఇద్దరు పురుషులు. ఆపుకొనరాని వేగముతో అతిగా తినుట, తిన్నది ఒంట పట్టకుండ వాంతి చేసికొనుట లేక విరేచనపు మందులు మ్రింగుట, లావగుదునను భయము మనస్సును విడువకుండుట — ఈ మూడును ఒకచోట చేరినదే ఈ రోగము. 2013లో అమెరికా మానసిక వైద్యులు సవరించిన ప్రమాణము ప్రకారము, సగటున వారమునకు ఒక్కసారి చొప్పున మూడు నెలలు సాగినను దీనిని రోగమనియే లెక్కింపవలెను. “ఎప్పుడో ఒకసారి కదా” అని ఊరకుండుటకు వీలులేదన్నమాట.

ఈ రోగి చూచుటకు రోగివలె ఉండదు. బరువు చాలమందిలో మామూలుగానే ఉండును. చూడ నేర్చినవారికి మాత్రము కొన్ని గుర్తులు కనబడును. కడుపులోని ఆమ్లము మాటిమాటికి పైకి వచ్చుటచేత పైవరుస ముందుపండ్ల లోపలి వైపు పెచ్చు అరిగిపోవును. చెవుల క్రింది లాలాజల గ్రంథులు ఉబ్బి బుగ్గలు నిండుగా కనబడును. వ్రేళ్ల కణుపులపై పంటిగాట్ల మచ్చలుండును. కనబడని ప్రమాదము మరి పెద్దది. వాంతులతోను విరేచనములతోను ఒంటిలోని పొటాషియము తగ్గిపోయి గుండె కొట్టుకొను తీరు చెడవచ్చును. అది ప్రాణమునకే ముప్పు. ఇంత చేసినను, తిన్నదంతయు వాంతితో పోదు. విరేచనపు మందుతో పోవునది చాలవరకు నీరే. ఆ పిల్ల చేయుచున్న బేరములో లాభపు పద్దు అసలు లేదు.

రహస్యము ఈ రోగమునకు ప్రాణము. బ్రిటను యువరాణి డయానా తనకు అనేక సంవత్సరములు ఈ రోగముండెనని 1995లో బి.బి.సి. టెలివిజనులో స్వయముగా చెప్పినది. వంటవారు, వైద్యులు, సేవకులు ఎల్లవేళల కనిపెట్టుకొని యుండెడి ఇంటిలోనే దానిని అంతకాలము దాచుట సాధ్యమైనప్పుడు, పదిమంది తిరుగాడు ఉమ్మడి కుటుంబములో కన్నతల్లికి తెలియకపోవుటలో వింత లేదు. తెలియలేదని ఆ తల్లి కుమిలిపోవలసిన పనియు లేదు.

ఇక అందరును తడబడుచోటు వచ్చినది. అతిగా తినుట ఆశవలన కలుగునని, ఆశను అణచినచో అదియు అణగునని లోకమునకు తోచును. నానమ్మలు “ఒక పూట మానేస్తే అదే సర్దుకుంటుందే” అందురు. ప్రేమతో అను మాటయే. కాని ఈ రోగమునందు వరుస తారుమారుగా ఉన్నది. మొదట కఠినమైన నిషేధము, దానివలన ఆకలి, ఆకలి పెరిగి పెరిగి ఒకనాడు కట్ట తెగుట, తిన్నందుకు భయము, వాంతి, వాంతి చేసినందుకు సిగ్గు, సిగ్గు తీరుటకు మునుపటికంటె కఠినమైన నిషేధము. గానుగెద్దు తిరుగుడు ఇది. ఆశ లేదని కాదు. నిషేధమే ఆశను రేపుచున్నది.

దీనికి సాక్ష్యము రోగులనుండి కాక ఆరోగ్యవంతులనుండి దొరికినది. ఆ సాక్షులు ఎవరో జైనులు తెలిసికొనదగినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో కొందరు యువకులు మనుష్యుని చంపుట తమ మతమునకు, మనస్సాక్షికి విరుద్ధమని సైన్యములో చేరుటకు ఒప్పుకొనలేదు. అట్టివారిలో 36 మంది, యూరపులో ఆకలితో మాడుచున్న ప్రజలకు ఎట్లు అన్నము పెట్టవలెనో వైద్యులకు తెలియుటకై తామే ఆకలిని అనుభవించుటకు ముందుకు వచ్చిరి. 1944 నవంబరులో మిన్నెసోటా విశ్వవిద్యాలయమునందు ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ఈ పరీక్షను ఆరంభించెను. 24 వారములు వారికి అరకొర భోజనమే పెట్టినారు. శరీరపు బరువులో సుమారు నాలుగవ వంతు తగ్గినది. వారి మనస్సులకు కలిగిన మార్పు ఇంకను గమనింపదగినది. పగలు రాత్రి తిండి ధ్యాసే. వంటల పుస్తకములు కొని చదువుట, కంచము నాకుట, ఉన్న కొద్ది భోజనమును గంటలకొలది సాగదీయుట. పరీక్ష ముగిసి భోజనము దొరికిన పిమ్మట కొందరు ఎంత తిన్నను ఆకలి తీరక, ఒళ్లు బాగులేకపోవువరకు తినుచునే ఉండిరి. ఈ వృత్తాంతమంతయు 1950లో రెండు సంపుటములుగా అచ్చయినది.

ఆ యువకులను జిహ్వచాపల్యము కలవారని ఎవరనగలరు? అహింస కొరకు లోకనిందను భరించినవారు, పరుల ఆకలి తీరుటకై తమ కడుపు మాడ్చుకొన్నవారు! వారికే అట్లయినప్పుడు, ఆ రాత్రి వంటింటిలో నిలుచున్న పిల్లను తిండిపోతు అనుట న్యాయము కాదు. ఉపవాసము చేసినవారందరికిని ఈ రోగము రాదన్న మాటయు ఇక్కడనే చెప్పవలెను. వేలమంది శ్రావకులు, శ్రావికలు ఏటేట దీర్ఘతపస్సులు చేసి, నెమ్మదిగా పారణ చేసి, మామూలు జీవితములో పడుచునే ఉన్నారు. ఉపవాసమొక్కటే రోగమును పుట్టింపదు; తన విలువనంతటిని నడుము కొలతతోను తూకపు ముల్లుతోను కొలుచుకొను మనస్సు తోడైనప్పుడు అది రోగమునకు మేతయగును.

ఇప్పుడు చికిత్స. ఆక్స్‌ఫర్డులో క్రిస్టఫర్ ఫేర్‌బర్న్ అను వైద్యుడు 1981లో 11 మంది రోగులకు తాను చేసిన చికిత్సను ప్రకటించెను. నేడు పెద్దవారికి మొదట సూచించు చికిత్స దానినుండి పెరిగినదే. ఆలోచనను, నడవడిని జతగా సరిదిద్దు పద్ధతి యది. సాధారణముగా ఇరువది వారములలో ఇరువది సమావేశములు. మొదటి పనులు వినుటకు అతి సామాన్యములు. ఒకటి, తిన్నదెల్ల తిన్న వెంటనే వ్రాయుట — ఏమి తిన్నది, ఎప్పుడు, ఎక్కడ, అప్పుడు మనస్సెట్లున్నది, పిమ్మట వాంతి చేసినదా అని. రెండవది, మూడు పూటల భోజనమును, నడుమ రెండు మూడు చిన్న ఫలహారములును. ఒకదానికొకటికి నాలుగు గంటలకు మించి ఎడము ఉండరాదు. ఆకలి వేసినను వేయకున్నను వేళకు తినవలెను. ఆ వేళలకు నడుమ తినరాదు. ఏమి తినవలెనను విచారము మొదట లేదు, ఎప్పుడు తినవలెనన్నదే విచారము. మూడవది, తూకము వారమునకు ఒక్కసారే. రోజూ త్రాసెక్కుట మానవలెను. ఇవి కుదురుకొన్న తరువాతనే భయపెట్టు పదార్థములను కొద్దికొద్దిగా తినుట, అద్దము ముందు గంటలు గడుపుట మానుట, మనస్సును కలచు సంగతులకు తిండితో కాక వేరు విధముగా జవాబు చెప్పుట నేర్చుకొందురు. చివరి దినములలో ముఖ్యముగా నేర్చునది, ఒకసారి జారుట వేరు, మరల పడిపోవుట వేరు అని.

వ్రాయుట యనగానే రోగులు వెనుకకు జంకుదురు. వర్తకుల ఇంటి పిల్లకు మాత్రము ఇది తాతలనాటి విద్య. ఏనాటి పద్దు ఆనాడే, జరిగిన వేళకే చిట్టాలో ఎక్కవలెను; రాత్రి జ్ఞాపకము చేసికొని వ్రాసిన చిట్టాను ఏ పెద్ద గుమాస్తాయు నమ్మడు. నష్టము వచ్చినదని ఆ పుట చింపువాడు వ్యాపారి కాడు. చిట్టా నిందింపదు, మెచ్చదు. జరిగినది జరిగినట్లు చూపును. నెల తిరుగునప్పటికి ఆ పిల్లకే తెలియును: ఏ దినమున మధ్యాహ్న భోజనము మానినదో ఆ రాత్రే కట్ట తెగినదని. ఎవరును చెప్పనక్కర లేకుండ తన చేతివ్రాతయే చెప్పును.

మందులును కలవు. ఫ్లూఆక్సెటీను అను మందును ఈ రోగమునకు దినమునకు 60 మిల్లీగ్రాముల వరకు ఇత్తురు. దిగులు రోగమునకు సాధారణముగా ఇచ్చు మోతాదుకంటె ఇది ఎక్కువ. కనుక వైద్యుని చేతిమీదుగానే పుచ్చుకొనవలెను. చిన్నవయస్సు పిల్లలకైనచో తల్లిదండ్రులను చికిత్సలో చేర్చుకొని, కొంతకాలము భోజనపు బాధ్యతను వారికే అప్పగించు పద్ధతి ఉన్నది.

కారణము తెలిసిన చాలును, రోగము దానంతట పోవునని కొందరి నమ్మకము. 2014లో డెన్మార్కు దేశపు కోపెన్‌హాగనులో 70 మంది రోగులను రెండు భాగములుగా చేసిన పరీక్ష ప్రకటితమైనది. కొందరికి రెండేండ్లపాటు వారము వారము మనస్సు లోతులను త్రవ్వు సంభాషణ చికిత్స. కొందరికి ఐదు నెలలలో ముగియు పై చికిత్స. రెండేండ్ల చివర చూడగా, అతిగా తినుటను వాంతిని పూర్తిగా విడిచినవారు మొదటి భాగములో నూటికి 15 మంది, రెండవ భాగములో 44 మంది. జ్ఞానము వ్యర్థమని దీని అర్థము కాదు. సమ్యగ్దర్శనము, సమ్యగ్జ్ఞానము కలిగినను సమ్యక్చారిత్రము లేనిదే మార్గము పూర్తికాదని వినుచు పెరిగినవారికి ఈ లెక్క ఆశ్చర్యము కలిగింపదు. ఇందులో దాచరాని మరియొక సంగతి కూడ ఉన్నది: మంచి చికిత్సలోనే నూటికి 44. మిగిలిన వారిలో ఎందరికో తగ్గును, కొందరికి తగ్గదు, కొందరు మరల మొదలు పెట్టవలసి వచ్చును. ఆరు నెలలలో పిల్ల బాగుపడునని సంబంధములు చూచుట మొదలుపెట్టు తండ్రి ఈ అంకెను రెండుసార్లు చదువవలెను.

ఇంతవరకు వైద్యుల మాట. దీనిపై భక్తిగల గృహస్థు ఒక ఆక్షేపణ చెప్పును, అది బలమైనదే. “తీరని ఆశకు రోగమని పేరు పెట్టితిరి. రేపు క్రోధమునకును లోభమునకును ఒక్కొక్క రోగపు పేరు పెట్టుదురు. ఇక దోషమనునది ఎక్కడ మిగులును? ప్రతిక్రమణ దేనికి? తపస్సు ఎరుగని పరదేశపు వైద్యుడు తినుమన్నంత మాత్రమున శ్రావకుడు పచ్చక్ఖాణము వదలవలెనా?”

ఈ ఆక్షేపణకు జవాబు పరదేశమునుండి తేనక్కరలేదు. దక్షిణదేశపు జైనులు తరతరములుగా చెప్పుకొను సమంతభద్రాచార్యుల కథలోనే ఉన్నది. ఆ మహానుభావునికి ముని దశలో భస్మకవ్యాధి కలిగినదట. ఎంత తిన్నను కడుపులో బూడిదయైపోవు ఆకలి. మునికి దొరకు ఒక్కపూట భిక్షతో అది తీరదు, ఎక్కువ తినుటకు వ్రతమొప్పదు. అందుచేత సల్లేఖనమునకు అనుజ్ఞ ఇమ్మని గురువును వేడుకొనెను. గురువు ఇయ్యలేదు. మునివేషమును విడిచి పోయి, కడుపునిండ తిని, వ్యాధి కుదిరిన పిమ్మట వచ్చి మరల దీక్ష పుచ్చుకొమ్మని ఆజ్ఞాపించెను. ఆయన కాంచికి పోయెనని కొందరు, కాశికి పోయెనని కొందరు చెప్పుదురు. ఒక శివాలయములో దేవునికి పెట్టు నైవేద్యమంతయు దినదినము తాను తినుచుండెను. వ్యాధి తగ్గుకొలది నైవేద్యము మిగులసాగెను. అందువలన రాజునకు అనుమానము కలుగుట, ఆయన స్వయంభూస్తోత్రము చేయుట మొదలైనవి అందరెరిగినవే. చివరకు ఆయన తిరిగి ముని అయ్యెను.

భస్మకము బులీమియా కాదు. కథ చరిత్రయని వాదించుటయు ఇక్కడి పని కాదు. చూడవలసినది గురువు తీర్పు. ఆయన శిష్యుని ఆకలిని ఆశ యనలేదు. “ఇంకను గట్టిగా నిలువుము” అనలేదు. రోగమును రోగముగా చూచి, దానిని కుదుర్చుటకై మునివ్రతములంతటి వానిని కొంతకాలము ప్రక్కన పెట్టించెను. ఆ సమంతభద్రులే రత్నకరండ శ్రావకాచారములో సల్లేఖనమునకు తగిన సందర్భములను చెప్పుచు, రోగము విషయములో దానికి ప్రతీకారము లేకుండుట అను నిబంధనను పెట్టిరి. మందు లేని రోగము వేరు, మందున్న రోగము వేరు. మందుండగా ఆహారమును విడుచుట శరీరమును జయించుట కాదని ఆ తీర్పునకు అర్థము.

శ్వేతాంబరుల పచ్చక్ఖాణములలోను ఈ జాగ్రత్త ఉన్నది. వ్రతము పట్టునప్పుడే కొన్ని ఆగారములు, అనగా మినహాయింపులు, పలుకుట ఆచారము. తీవ్రమైన బాధచేత సమాధి చెడునట్లున్నప్పుడు, మనస్సు నెమ్మది నిలుచుటకై ఔషధాదులు పుచ్చుకొనుట అందులో ఒకటి. ప్రతి ఉదయము చేతులు జోడించి పలుకువారిలో ఎందరు దీనిని గమనించిరో! వ్రతమును కట్టినవారు దానిలో రోగికి తలుపు కూడ ఉంచినారు.

దోషమెక్కడ మిగులునన్న ప్రశ్నకు జవాబింకను కావలెను. శల్యము లేనివాడే వ్రతి యని తత్త్వార్థసూత్రము చెప్పును. శల్యములు మూడు: మాయ, నిదానము, మిథ్యాదర్శనము. దాచుట మాయ, ఫలమును కోరి తపస్సు చేయుట నిదానము. ఒళ్లు తగ్గవలెనని చేసిన ఉపవాసము, ఉపాశ్రయములో చేసినను, కోరిన ఫలము సన్నని నడుమే కదా! దానిని విడిచినచో పోవునది తపస్సు కాదు. ఆ పిల్లను దోషిని చేయుటకు ఈ మాట చెప్పుట కాదు. ఆమె ఇప్పటికే తనపై మోపుకొన్న దోషముల పట్టిక పొడవైనది. విడువవలసినదేదో తెలిసినచో విడుచుట కొంత సులభమగునని మాత్రమే. ఆమె ఉపవాసములో నిజమైన భక్తి కలసి ఉండవచ్చును. పాలలో కలిసిన నీరువలె ఏది ఎంతో ఆమెకే తెలియకపోవచ్చును. అట్టివారికి సమంతభద్రుల గురువు చెప్పిన మాటయే దిక్కు: కుదిరిన తరువాత చూచుకొనవచ్చును.

తపస్సు పండ్రెండు విధములు. ఉపవాసము, ఊనోదరి మొదలైన బాహ్యతపస్సులు ఆరు. ప్రాయశ్చిత్తము, వినయము, వైయావృత్త్యము, స్వాధ్యాయము, వ్యుత్సర్గము, ధ్యానము అను అంతరంగతపస్సులు ఆరు. లోపలి ఆరింటిలో ఒక్కదానికిని కడుపు మాడ్చుకొననక్కర లేదు. రోగియైన సాధువునకు చేయు సేవ వైయావృత్త్యము; గృహస్థులు దానిని ఇంటిలోని రోగికిని వర్తింపజేసికొనుట కద్దు. ప్రాయశ్చిత్తమునకు మొదటి మెట్టు ఆలోచన, అనగా చేసినదానిని గురువుకు ఉన్నదున్నట్లు చెప్పుట. పెద్దలు ఆలోచనకు పది దోషములు లెక్కపెట్టిరి. ఇతరులు చూచిన తప్పును మాత్రమే ఒప్పుకొని చూడనిదానిని దాచుట ఒకటి; పదిమంది గోలలో వినబడీ వినబడనట్లు చెప్పుట మరియొకటి. వైద్యుని ఎదుట ఈ రోగులు చేయునదియు ఇదే: అమ్మ ఒకనాడు చూచినదానిని మాత్రము చెప్పుదురు. ఆలోచన వినదగిన ఆచార్యునికి ఉండవలసిన గుణములలో అపరిస్రావి యగుట ఒకటి. పగులు లేని కుండవలె విన్నదానిని బయటికి కారనీయకుండుట. వైద్యునికిని ఇదియే ధర్మము; 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము రోగి రహస్యమును కాపాడుటను రోగికి హక్కుగా చేసినది. పిల్ల సంగతి ఊరెల్ల తెలియునని వెనుకాడు తల్లిదండ్రులకు ఈ మాట తెలియవలెను.

ఇక ఆచరణలో ఒక చిక్కు మిగిలినది. సూర్యాస్తమయము పిమ్మట తినని ఇంటిలో ఐదుసార్లు భోజనమెట్లు? లెక్క చూచినచో అంత కష్టము కాదు. శీతకాలములో సూర్యోదయము ఆరున్నరకు అనుకొన్నచో, నవకార్సీ ఏడుంబావు దాటగానే తీరును. సూర్యాస్తమయము ఐదు ముప్పావు ప్రాంతమున. నడుమ పది గంటలకు పైగా ఉన్నవి. ఏడున్నరకు, పదికి, పండ్రెండున్నరకు, మూడుంబావుకు, ఐదుంబావుకు — ఐదు వేళలు చక్కగా పట్టును. కందమూలములు లేకున్నను భోజనమునకు లోటు రాదు. కష్టము రాత్రి పదమూడు పద్నాలుగు గంటల ఎడములో ఉన్నది. ఈ రోగులకు గండము సాధారణముగా ఆ వేళనే. రాత్రి ఒక గ్లాసు పాలు కావలెనని వైద్యుడు చెప్పినచో గురువునడిగి, ఆగారమున్నదని తెలిసికొని, కొంతకాలము త్రాగుట తగును. చాటుగా అరకుండ మిఠాయి తినుటకంటె అందరి ఎదుట గ్లాసెడు పాలు త్రాగుట మేలని ఏ గురువైనను ఒప్పుకొనును.

సహాయము ఎక్కడనన్న ప్రశ్న మాతృభాష మాటాడు ఊరికి దూరముగా స్థిరపడినవారికి మరింత బరువైనది. బళ్లారిలోనో, షోలాపురములోనో, బరంపురములోనో ఉన్న పిల్ల తన లోపలి మాటను ఇంటి భాషలోనే చెప్పగలదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన టెలి-మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోను మాటాడవచ్చును, రుసుము లేదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ ఈ సేవకు కేంద్రములలో ముఖ్యమైనది. కళ్లు తిరిగి పడినను, గుండె దడదడలాడినను, వాంతిలో నెత్తురు కనబడినను ఫోనుతో ఆగరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. పండ్ల విషయమొకటి చిన్నదైనను చెప్పదగినది: వాంతియైన వెంటనే పండ్లు తోమినచో పెచ్చు మరింత అరుగును; నీళ్లతో పుక్కిలించి ఊరకుండవలెను.

సంఘము చేయవలసిన పని ఇంతకంటె సులభమైనది, ఇంతకంటె కష్టమైనది. తపస్వుల పేర్లు చదువుట, ఫోటోలు వేయుట ఉండవచ్చును. “నువ్వు ఈసారి ఏం పట్టావమ్మా?” అని ఉపాశ్రయపు గుమ్మములో ప్రతి పిల్లను అడుగు అలవాటు మాత్రము మానదగినది. అడిగినను, ఏమియు పట్టలేదన్న పిల్ల కారణము చెప్పుకొననక్కర లేకుండ లోపలికి పోగలుగవలెను. “చిక్కినావు, బాగున్నావు”, “ఒళ్లు చేసినావే” అను పలుకరింపులును అట్టివే. శక్తికి తగినట్లు తపస్సు చేయవలెనని శాస్త్రమే చెప్పుచుండగా, ఎవరి శక్తి ఎంతో వాకిటిలో నిలిచి తూచు అధికారము ఎవరికిని లేదు.

కుదిరిన తరువాత ఆ పిల్ల మరల అఠాయి చేయవచ్చునా? అందరికి ఒకే జవాబు లేదు. సంవత్సరములు గడచిన పిమ్మట వైద్యునితోను గురువుతోను ఆలోచించి ఒక ఉపవాసముతో మొదలుపెట్టువారు ఉండవచ్చును. ఒక్క పూట మానినను పాత త్రోవ తెరచుకొనువారును ఉందురు. వారు జన్మమంతయు లోపలి ఆరు తపస్సులతోనే ఉండవలసి వచ్చును. మధుమేహము కలవాడు మిఠాయిని విడిచినట్లు, వీరు ఉపవాసమును విడుతురు.

మొదట ఊహించిన ఇంటిలో మూడు సంవత్సరములు గడచినవని అనుకొనవలెను. పర్యూషణ మొదటి ఉదయము. నానమ్మ మాల చేతబట్టుకొని మెట్లమీద కూర్చున్నది.

“ఈసారి కూడా ఏమీ పట్టలేదా, తల్లీ?”

“పట్టాను నానమ్మా. ఐదు వేళలు. ఒక్కటీ తప్పకూడదు.”

“తినడానికి పచ్చక్ఖాణం ఏమిటే?”

పిల్ల నవ్వి, తన చిట్టా పుస్తకమును సంచిలో పెట్టుకొని ఉపాశ్రయమునకు బయలుదేరినది. నానమ్మకు ఆ లెక్క నేటికిని సరిగా అర్థము కాలేదు. అయినను సాయంకాలము సూర్యుడు వాలుటకు అరగంట ముందే కంచము పెట్టి, వీధి గుమ్మమువరకు వచ్చి కేక వేయును.